కొత్త బావి మొదటి చెంబు

దయగల డాక్టరమ్మ గారికి,

పాలెం జీవమ్మ కూతురు వందనాలతో రాస్తున్నది. ఎదురుగా నిలబడితే నాకు మాట రాదు, అందుకే ఈ ఉత్తరం.

దిగుడుబావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకోవడం వల్లనే, కాలిలో పురుగు పెరిగే నారికురుపు వస్తున్నదని మీరు చెప్పగా మావాళ్లు నమ్మారు. జిల్లా బోర్డు, మీ మిషను కలిసి ఊరందరికీ ఒకే చేదబావి కట్టిస్తామంటే కూలి అడగకుండా రాళ్లు మోశారు. పాలెం దిగుడుబావిని మేమే పూడ్చుకున్నాము.

ఇప్పుడు ఊళ్లోవాళ్లు అంటు అని కొత్త బావి గిలక మీద మా పాలెం వాళ్ల తాడు వేయనివ్వడం లేదు. కడవలు దూరంగా పెట్టి, ఎవరైనా చేది పోసేదాకా నిలబడాలి. నిన్న ఊళ్లో తిమ్మమ్మ మా అమ్మను చూసి నవ్వింది.

"ఏమే జీవమ్మా, రాళ్లు మీరు మోస్తిరి, నీళ్లు మేం మోయాల్నా?"

"నన్ను చేదుకోనిస్తే నీకీ పని యాడుంటాది తల్లీ" అన్నది అమ్మ.

ఆ మాటకు తిమ్మమ్మ నీళ్లు పోయకుండానే వెళ్లిపోయింది. అమ్మ వంకలోని గుంట నీళ్లు తెచ్చింది. కురుపుకాళ్లతో అందరూ దిగే గుంట అది. నాన్న కాలు ఇంకా మానలేదు. అయినా ఆ నీళ్లే తాగాము.

శనివారం బోర్డు ప్రెసిడెంటుగారు కడప నుంచి వచ్చి, ఇప్పటికే వాడుతున్న ఈ బావిని లాంఛనంగా తెరిచి, మొదటి చెంబు మీకు ఇస్తారట. ఆ నీళ్లు మా అమ్మ చేత చేదించమని అడగండి. వాళ్లు కాదంటే మీరూ తాగవద్దు. ఆ తరువాత ఊళ్లో మాకేమవుతుందో తెలియదు. భయంగానే ఉన్నది.

అమ్మకు ఈ సంగతి చెప్పాను. వినగానే లేచి, చేదతాడు ఉతికి, గోడ మీద ఆరేసింది.