మెరకింటి మాట

జగ్గయ్యపేట,
8-3-1959

ప్రియమైన మావయ్యకు,

కనకం నమస్కారాలు. అత్తయ్య మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఆముదం కాచి పట్టు వెయ్యమని మా అత్తగారు చెప్పమన్నారు.

నువ్వు నందిగామ హైస్కూలుకు బదిలీ అయి వెళుతూ నీ ఇల్లు మాకు అప్పగించావు. ఇల్లొక్కటే అనుకున్నాను, వీధి పెత్తనం కూడా దాంతోపాటు అంటుకుంది. ఒకరి కాకరపాదు ఇంకొకరి గోడమీద పాకినా వీధి ఎగువ కొసనున్న మన మెరకింటికే వస్తారు కదా, ఇప్పుడూ వస్తున్నారు. గుమ్మంలో నన్ను చూసి, "మాస్టారు ఎప్పుడొస్తారమ్మా" అని అడిగి వెళ్ళిపోతున్నారు.

అసలు సంగతి రాస్తాను. పోయిన వానాకాలం బుల్లిబాబుగారి కొట్టు ముందు గుంటలో నీళ్ళు నిలిచి, వీధిలో పిల్లలందరికీ జ్వరాలొచ్చాయి. ఈ ఎండాకాలంలోనే శ్రమదానం చేసి వాగుదాకా మురుగుకాలవ తవ్వుదామని కుర్రవాళ్ళు, ఆడవాళ్ళు నా దగ్గరకు వచ్చారు. నేను సరేనన్నాను. తిన్నగా పల్లానికి, రాఘవమ్మ ఇంటి వారగా తవ్వితే మెత్తటి మట్టి, వానలకు ముందే అయిపోతుంది. చుట్టు తిప్పి పడమటివైపు తీసుకెళితే అంతా నాపరాయి. అందుకని తిన్నని దారే మేలనిపించింది.

వచ్చే ఆదివారం వీధంతా మనింట్లో కూర్చుంటుంది. తాతయ్య పెట్టిన పద్ధతి తెలిసిందే. మాట పల్లపు కొసన ఉన్న రాఘవమ్మతో మొదలై, ఒక్కో ఇల్లూ ఎక్కి మెరకింటికి రావాలి. మెరకింటివాళ్ళు చెప్పాక ఇక ఎవరూ నోరెత్తరు. నా మాటకు ఆ బలం ఎక్కడిది? నేను చివర మాట్లాడితే, ఆ తరవాత బుల్లిబాబుగారు మొదలుపెడతారు. నువ్వొచ్చి నా పక్కన కూర్చుంటే చాలు.

నీ మేనకోడలు,
కనకవల్లి

*

నందిగామ,
11-3-1959

చిరంజీవి సౌభాగ్యవతి కనకానికి,

మావయ్య, అత్తయ్య ఆశీస్సులు. ఆముదం పట్టు వేశాం. నొప్పి సంగతి దేవుడెరుగు, దుప్పటి పాడైందని మీ అత్తయ్య నన్ను తిడుతోంది.

వస్తాను. కానీ వచ్చేది కూర్చోవడానికే. నువ్వే మాట్లాడు. నా వయసువాళ్ళు ఎన్నాళ్ళని వీధిని భుజాన మోస్తారు? తడబడినా పరవాలేదు. నేనూ మొదట్లో తడబడ్డవాణ్ణే. మా నాన్న పక్కనే కూర్చుని చూస్తూ ఉండేవాడు, ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. పల్లపు ఇళ్ళవాళ్ళు చెప్పేది పూర్తిగా విను. మనం మెరక మీద ఉండి ఏం పారబోసినా చేరేది వాళ్ళ గుమ్మంలోకే.

నేను నోరు మూసుకుని కూర్చుంటానంటే మీ అత్తయ్య నమ్మడం లేదు. నవ్వుతోంది.

ఇట్లు నీ మేలు కోరే,
కుటుంబరావు

*

జగ్గయ్యపేట,
20-5-1959

ప్రియమైన మావయ్యకు,

నమస్కారాలు. కాలవ పూర్తయింది. ఈ మాట రాయడానికి ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తున్నానో.

నువ్వు వెళ్ళిన మర్నాటినుంచే పని మొదలైంది. పొద్దున్నే ఎండ ముదరకముందు మగవాళ్ళు తవ్వడం, ఆడవాళ్ళం తట్టలు మోయడం. మన వీధి తిరుపతిరావుగారు తన బండీ ఎద్దులూ ఇచ్చారు. బుల్లిబాబుగారి సంగతి వింటే నవ్వుతావు. ఆ రోజు సభలో రాఘవమ్మ ఇంకా గొంతు సవరించుకోకముందే లేచి, "మాస్టారిల్లు దక్కినంత మాత్రాన పెత్తనం దక్కుద్దా? ఆడపిల్లలు తట్టలు మోస్తే కాలవలవుతాయా?" అన్నాడు చూడు, ఆ మనిషే ఇప్పుడు రోజూ మజ్జిగ బిందె తెచ్చి పెట్టాడు.

అంతా నీ మాట మహిమే. నువ్వు లేచి, "కనకం చెప్పిన దారే దారి. రేపటినుంచి తవ్వండి" అనేసరికి వీధంతా తల ఊపింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు మెదపనని వచ్చినవాడివి నాకోసం లేచావు.

రాఘవమ్మ ఒక్కతే పనికి రాలేదు. మేం తన గోడ పక్కన తవ్వుతున్నంతసేపూ వీపు మావైపు పెట్టి విస్తళ్ళు కుట్టుకుంటూ కూర్చుంది. పలకరించినా ముభావంగానే ఉంది.

వానలు పడగానే నీళ్ళు ఎలా పారాయో రాస్తాను.

నీ,
కనకవల్లి

*

నందిగామ,
2-8-1959

చిరంజీవి కనకానికి,

ఆశీస్సులు. వానలు పడ్డాయి, నీ ఉత్తరం రాలేదు. పనుల్లో ఉన్నావనుకున్నాను.

నిన్న ఇక్కడి బస్టాండులో తిరుపతిరావు కనిపించాడు. కాలవ ఎలా ఉందని అడిగితే, పొలాల సంగతీ ఎరువుల సంగతీ చెప్పాడు. మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పాడు. పెద్దవానకు కాలవ నీళ్ళు రాఘవమ్మ గోడ అడుగు కోసేశాయనీ, గోడ లోపలికి కూలిందనీ, ఆమె కుడిచెయ్యి విరిగిందనీ. అని ఊరుకోక, "గోడ పాతదిలెండి మాస్టారూ" అన్నాడు. ఆ మాట నాకు చెంపదెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

ఆ రోజు సభలో రాఘవమ్మ నోరు తెరిచింది కనకం. నేను చూశాను. చూస్తూనే లేచాను. ముందు ఆవిడ మాట, చివర నా మాట. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పని పద్ధతిని నేనే తప్పాను. నీకు పల్లపు ఇళ్ళవాళ్ళ మాట వినమని నీతులు రాసినవాణ్ణి. ఒంటరి మనిషి, విస్తళ్ళు కుట్టుకుని బతికేది, కుడిచెయ్యి లేకుండా ఏం చేస్తుంది?

వచ్చే ఆదివారం వస్తున్నాను. వీధినంతా పిలువు. అందరిముందూ తప్పు నాదేనని చెప్పి, ఆవిడ కాళ్ళు పట్టుకుంటాను. అది చెప్పేదాకా నాకు ముద్ద దిగదు.

కుటుంబరావు

*

జగ్గయ్యపేట,
4-8-1959

ప్రియమైన మావయ్యకు,

నువ్వు రావద్దు.

నీకు ఇలా రాస్తానని కలలో కూడా అనుకోలేదు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

తప్పు నీ ఒక్కడిదే అయితే బాగుండేది. సభకు ముందురోజు సాయంత్రం విస్తళ్ళు ఇవ్వడానికి వచ్చి రాఘవమ్మ నాతో చెప్పింది. "అది మట్టిగోడ అమ్మాయ్. వారగా నీళ్ళు పారితే ఆగదు. కాస్త పక్కకి తిప్పండి" అంది. తిప్పితే నాపరాయి, వానలకు ముందు పూర్తికాదు, బుల్లిబాబుగారు నవ్వుతారు. అదే నా మనసులో ఉంది. రేపు మొదటి మాట నీదేగా, అందరిముందూ చెప్పు అని పంపేశాను. సభలో నువ్వు లేచి నా దారే దారి అన్నప్పుడు, ఆమె ఏం చెప్పబోయిందో నీకు తెలియదు. నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. గెలిచాను కదా. మే నెలలో నీకు రాసిన ఉత్తరంలో కూడా, ఆమె ఎందుకు ముభావంగా ఉందో తెలియనట్టే రాశాను. ఆమె చెయ్యి చూసినప్పటినుంచి నీకు ఉత్తరం రాయబోవడం, చింపెయ్యడం, ఇదే పని.

వీధిలో ఒక్కరంటే ఒక్కరు నన్ను తిట్టలేదు మావయ్యా. మాస్టారు చెప్పాక తప్పెలా అవుతుందంటున్నారు. గోడ పాతదంటున్నారు. రాఘవమ్మ గ్రహచారం అంటున్నారు. మంచంమీద పడుకుని రాఘవమ్మ కూడా, "మాస్టారి మాట ముందు నేనెంతమ్మా" అంటోంది.

ఇప్పుడు నువ్వొచ్చి తప్పు నాదని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఏమవుతుందో నాకు కనిపిస్తూనే ఉంది. నిన్ను ఓదార్చడానికి అందరూ లేస్తారు. ఆ విరిగిన చెయ్యి పట్టుకుని రాఘవమ్మే, "ఊరుకోండి మాస్టారూ" అంటుంది. అదే చివరి మాట అయిపోతుంది. ఆమె నోరు రెండోసారి మూసినవాళ్ళమవుతాం. నీకు ముద్ద దిగుతుంది, ఆమె గోడ మాత్రం లేవదు.

ఆదివారం సభ పెడుతున్నాను. మనింట్లో కాదు, కూలిన గోడ దగ్గర. నేను చెప్పాల్సింది చెబుతాను. నువ్వు లేకపోతేనే వాళ్ళు నోరు విప్పుతారు. నాకు భయంగా ఉంది. అయినా రావద్దు.

కనకం

*

జగ్గయ్యపేట,
17-8-1959

ప్రియమైన మావయ్యకు,

నమస్కారాలు. నువ్వు రాలేదు, జవాబూ రాయలేదు. కోపం వచ్చిందేమోనని రోజూ పోస్టుమాన్ కోసం చూశాను. అయినా జరిగింది నీకు చెప్పాలి.

అందరూ వచ్చారు. ముందురోజు సాయంత్రం రాఘవమ్మ నాతో అన్న మాటలు ఉన్నదున్నట్టు చెప్పాను. తెలిసే దాచానని చెప్పాను. ఎవరూ నా మొహం చూడలేదు. బుల్లిబాబుగారు, పోనీలేమ్మా, మాస్టారు కూడా అదే అన్నారు కదా అని సర్దబోయారు. అప్పుడు లేచింది రాఘవమ్మ, చెయ్యి మెడకు కట్టుకుని, ఆయనవైపు తిరిగి.

"మాస్టారికేం తెలుసని? మేనకోడల్ని నువ్వు మాటన్నావని ఆయనకి కోపమొచ్చింది. ఆయన కోపానికి నా గోడ పోయింది. ఈ పిల్ల పంతానికి నా చెయ్యి పోయింది. గోడ పాతదంటారే, అది నా పెనిమిటి పెట్టిన గోడ. మీరు తవ్వేదాకా బాగానే నిలబడింది."

దాచకుండా రాయాలనే రాశాను. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఆమె ఆ మాట అన్నాకే వీధికి నోరొచ్చింది. తిరుపతిరావుగారు తనకూ ఆ గోడమీద అనుమానం ఉండేదన్నారు. బుల్లిబాబుగారి భార్య ఆయన్నే తిట్టింది. నన్ను తిట్టనివాళ్ళు లేరు. ఇంటికొచ్చి ఏడ్చాను, కానీ చాలా రోజుల తరవాత ఆ రాత్రి నిద్రపట్టింది.

గోడ వారనున్న కాలవ పూడ్చేస్తున్నాం. ముందు రాఘవమ్మ గోడ లేపాలి, ఆ తరవాత నాపరాయి కొట్టి చుట్టుదారిన కొత్త కాలవ. చెయ్యి అతికేదాకా వంతులవారీగా అన్నం పెడతామంటే ఆమె ఒప్పుకోలేదు. మీ అన్నం ఎవరిక్కావాలి, వచ్చి నా ఆకులు కుట్టండి అంది. మధ్యాహ్నాలు ఆడవాళ్ళం వెళ్ళి కుడుతున్నాం. నా విస్తరి చూసి, దీంట్లో పప్పుచారు పోస్తే ఒళ్ళోకే వస్తుందంది.

నీకు కూడా కబురు చెప్పమంది. "మీ మాస్టారిని కూడా రమ్మను. మాట్లాడ్డానిక్కాదు. తట్ట మోయడానికి."

నీ,
కనకవల్లి

*

నందిగామ,
20-8-1959

చిరంజీవి కనకానికి,

ఆశీస్సులు. నీమీద కోపం కాదు. నాకు నామీదే అసహ్యం వేసి రాయలేకపోయాను.

ఆ ఆదివారం నేను బయలుదేరాను. నువ్వు వద్దన్నా ఆగలేక, స్కూల్లో పనుందని మీ అత్తయ్యకు అబద్ధం చెప్పి బస్సెక్కాను. దారి పొడుగునా అందరిముందూ ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ వచ్చాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో కూడా అనుకున్నాను. చిల్లకల్లు దగ్గరకు వచ్చేసరికి వీధంతా నన్ను ఓదారుస్తున్నట్టు కనిపించింది, అది నాకు హాయిగా అనిపించింది. నువ్వు రాసింది నిజమేనని అప్పుడు తెలిసింది. అక్కడే దిగిపోయాను. పేటకు వెళ్ళే బస్సు వెళ్ళిపోయేదాకా నిలబడి, ఎదురొచ్చిన బస్సులో తిరిగి వచ్చేశాను.

రాఘవమ్మ మాటలు మీ అత్తయ్యకు చదివి వినిపించాను. రాఘవమ్మ అన్నది అక్షరాలా నిజం. నేను లేచింది కాలవకోసం కాదు, వీధికోసమూ కాదు. నిన్ను అన్నారని లేచాను. ఆ సంగతి ఎవరో ఒకరు అందరిముందూ అనగలిగారు, నువ్వు అననిచ్చావు. మా నాన్న పెట్టిన పద్ధతి నా చేతుల్లో చెడి, నీ చేతుల్లో నిలబడింది. సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది.

ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకు వస్తాను. గోడకు మట్టి తొక్కేవాళ్ళతో ఉండమంటుందో, నాపరాయి కొట్టేవాళ్ళకు తట్ట అందించమంటుందో, రాఘవమ్మను అడిగి ఉంచు. నాకేది చేతనవుతుందో నువ్వు ఆవిడకు చెప్పబోకు.

మీ మావయ్య,
కుటుంబరావు