పిల్లల ఆదివారం నాటి చదువు

కృష్ణపట్నం,
12 నవంబరు 2025, బుధవారం

గౌరవనీయులైన ఆనందకుమారి టీచర్ గారికి,

మీ దగ్గర చదువుకున్న షారన్ వందనాలు. మీకూ మీ ఇంటిల్లిపాదికీ దేవుడు తోడుగా ఉండాలని కోరుకుంటున్నాను.

చదువు రాని పిల్లల్ని డాక్టర్లు పరీక్షించే శిబిరం ఇరవై ఒకటిన మండలంలో జరుగుతుంది. హెడ్మిస్ట్రెస్‌గా మీరు సంతకం చేసిన కాగితం లేకపోతే మా పాప క్యాథరిన్‌ను చూడరు. అందుకే ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఎదురుగా చెబుదామంటే, మీ ముందు నిలబడగానే నాకు ఇప్పటికీ నోరు పెగలదు.

నిన్న జరిగింది మీకు సగమే తెలిసి ఉంటుంది. ఇంటర్వెల్‌కు బయటికి వెళ్లిన పిల్ల తిరిగి క్లాసుకు రాలేదని ఆయా వచ్చి చెప్పింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. రొయ్యల గుంటల గట్లన్నీ తిరిగాను. నీళ్లు చిలికే ఆ చక్రాల దగ్గర నురగలో దాని నీలం రిబ్బను కనపడుతుందేమోనని ఒక్కో గుంటా చూసుకుంటూ పోయాను. చివరికి ఉప్పుకాలవలో, పడవకు కట్టిన తాడు పట్టుకుని, నడుము లోతు నీళ్లలో నిలబడి ఉంది. పోటు ఎక్కుతోంది. ఏం చేస్తున్నావే అని అరిస్తే, కళ్లలోకి ఉప్పునీళ్లు కొట్టుకుంటున్నానని చెప్పింది. కళ్లు కనపడకపోతే ఇంక చదవమని అడగరు గదమ్మా అంది.

ఎనిమిదేళ్ల పిల్ల, టీచర్ గారూ.

దాని తెలివి మీద నాకు అనుమానం లేదు. ఇంజను చప్పుడు విని వచ్చే బోటు ఎవరిదో చెబుతుంది. అక్షరాలు మాత్రం, పొద్దున గుర్తుపట్టినవే సాయంత్రానికి ఊరు పేరు తెలియని మనుషుల్ని చూసినట్టు చూస్తుంది.

సెప్టెంబరులో నేనూ మా ఆయన సుశీల్ కుమార్ వచ్చి దాన్ని పరీక్ష చేయించే సంగతి అడిగితే, ఆగి చూద్దామన్నారు. మొన్న సోమవారం మళ్లీ వచ్చాను. ‘నిన్న పిల్లల ఆదివారం నాడు చర్చిలో మైకు ముందర గడగడా బైబిలు వాక్యం చదివిన పిల్లకు బళ్లోకి వస్తే మూగనోము పడతాదా, నీ గారాబమే దాని జబ్బు షారన్, లేని ముద్ర బిడ్డకు ఎందుకు వేయిస్తావు’ అన్నారు మీరు. మీరు దాని మంచికే అన్నారని తెలుసు. తలవంచుకుని వచ్చేశాను.

మా ఆయనా మొదట్లో, నా కూతురు మొద్దని ఊరంతా చాటుతావా అని నా మీదే లేచారు. కాలవలోంచి దాన్ని ఎత్తుకొచ్చాక పోర్టు డ్యూటీకి కూడా వెళ్లలేదు. టీచరమ్మ కాళ్లన్నా పట్టుకో, ఆ కాగితం మాత్రం తీసుకురా అంటున్నారు.

ఈరోజు దాన్ని బడికి పంపలేదు. తలుపు గడియ పెట్టి రాస్తున్నాను. ఈ నాలుగు మాటలు రాసేలోపు ఎన్నిసార్లు తిరిగి చూశానో. బాత్‌రూములో నీళ్ల చప్పుడు అయితే లేచి పరుగెత్తుతున్నాను. ఇలా ఎన్నాళ్లు కాపలా కాయగలను?

మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. మీ చలవే అది. ఇప్పుడు మీ సంతకం అడుగుతున్నాను.

మీ విద్యార్థిని,
షారన్

తా.క. రాసింది ఒకసారి చదువుకున్నాను. అసలు మాట రాయనే లేదు. ఆదివారం క్యాథరిన్ చదవలేదు. పదకొండు రోజులు వినిపించి వినిపించి నేనే కంఠతా పట్టించాను. ఏ వరుస మీద వేలు ఎంతసేపు ఉంచాలో, ఎప్పుడు పేజీ తిప్పాలో కూడా నేర్పాను. చదువుకున్న షారన్ బిడ్డకు చదువు రాదని సంఘంలో అనుకుంటారని భయపడ్డాను. సోమవారం మీరు ఆ మాట అన్నప్పుడు అది నా కొంగు పట్టుకుని పక్కనే ఉంది. నిజం చెబుతానేమోనని తలెత్తి నా ముఖంలోకి చూసింది. నేను నేల చూపులు చూశాను. మర్నాడే కాలవకు వెళ్లింది. నన్ను ఏమన్నా పడతాను. నమ్మకం కుదరకపోతే బైబిలు తలకిందులుగా పెట్టి దాని చేతికివ్వండి, అలాగే గడగడా చెబుతుంది. కానీ అందరి ముందూ వద్దు. సంతకం చేస్తారో లేదో, పద్దెనిమిదో తేదీ మంగళవారం లోపల ఒక్క ముక్క రాసి పంపండి.