లూపె అత్తయ్య ప్రింటరు

అమ్మా, నుకుఅలోఫాలో నేను కులాసాగానే ఉన్నాను. దగ్గు తగ్గింది, దిగులుపడకు.

శనివారం లూపె అత్తయ్య రమ్మని కబురంపింది. కొడుకు తెవిత ఏనాడో సిడ్నీ నుంచి పంపిన కంప్యూటరు ఇంకా నడుస్తోంది గాని, దాని ప్రింటరు మొరాయించింది. తెల్లారితే చర్చిలో పాడేవాళ్ళకు పాటల కాగితాలు కావాలి. నేను బల్ల కింద దూరి తీగలు సర్దుతుంటే అత్తయ్య ఫోన్‌లో కొడుకుతో, "నువ్వుంటే చిటికెలో చేసేవాడివి నాయనా! ఇదేదో గెలుకుతోంది" అంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి చూస్తే, ఆమె ఎప్పుడో అచ్చుకు పంపిన ఫోటో ఒకటి కంప్యూటరులోనే వరసలో ముందు ఆగిపోయి, వెనక వాటికి దారివ్వడం లేదు. దాన్ని తీసేసి, రెండు మిషన్లూ ఆపి మళ్ళీ పెట్టాను. గరగరమంటూ పాటల కాగితం బయటికొచ్చింది. అత్తయ్య ప్రింటరును నిమిరి, "చూశావా, నా బిడ్డ పంపిన మిషను! ఎన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు" అంది.

"బాగుచేసింది నేనత్తయ్యా!"

"సరేలేవే, కూర తిను."

చేమాకుల్లో చుట్టి, కొబ్బరిపాలు పోసి ఉడికించిన మాంసం. అది రుచిగా ఉండడం మరీ కడుపుమంట.

నా చాప అల్లడం ఎంతవరకొచ్చింది? నాన్న మోకాలికి నూనె రాస్తున్నావా? పడవలో ఎవరైనా వస్తే ఎండబెట్టిన ఆక్టోపస్ పంపు.

దేవుడు మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి. తెవిత ఫోన్ చేస్తే మాత్రం ప్రింటరు కిటుకు చెప్పకు. అత్తయ్యకు నేనూ చెప్పలేదు. మళ్ళీ ఆగినప్పుడు ఆమె నన్నే పిలవాలి.

నీ ఫూసి