తహీనీ మీద తేలిన నూనె

ఏమండీ,

డ్యూటీకి ఆలస్యమైపోయింది, పరుగున వెళ్తున్నాను. నానిన తెల్ల శనగలు కుక్కర్‌లో పెట్టాను, మీరు స్టవ్ వెలిగిస్తే చాలు. వేలితో నొక్కితే చితికేంత మెత్తగా ఉడకాలి. ఇజ్రాయెల్ నుంచి వచ్చినప్పటి నుంచి మీరు కలవరిస్తున్న ఆ హమ్మస్, అదే ఆ శనగల ముద్ద పచ్చడి, ఇవాళ మీ చేత్తోనే చేసుకోండి. ఫారిన్ సరుకులమ్మే కొట్లన్నీ గాలించి తహీనీ పట్టుకొచ్చాను. ఇంతా తిరిగితే తేలిందేమిటయ్యా అంటే, అది వట్టి నువ్వుల ముద్ద!

సీసా మూత తీసి గుండెలు బాదుకోకండి. ముద్ద రాయిలా ఉంటుంది. దాన్ని వదులుగా ఉంచే నూనె పైన తేలి ఉంటే, మీ అమ్మగారు వంచుకుని మోకాళ్ళకి రాసేసుకున్నారు. "అంత దూరం నుంచి వచ్చిన నూనె, ఊరికే పోతుందా?" అన్నారు. ఆవిడని ఒక్క మాట అనకండి. గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ మిక్సీలో తిప్పండి, దారికొస్తుంది. నిమ్మకాయ, వెల్లుల్లి గట్టు మీదే ఉన్నాయి.

ఇన్నేళ్ళలో నా వంటని ఒక్కసారైనా ఇలా కలవరించారా? అడగడం లేదు, ఊరికే రాస్తున్నాను.

నాకో గిన్నెడు తీసిపెట్టండి.

ఇంకో మాట. చెప్పులేసుకుంటూ ఇప్పుడే చూశాను, అత్తయ్య చేతికర్ర మంచం దగ్గరే మర్చిపోయి మెట్లు దిగి వెళ్ళిపోయారు. హమ్మస్ కుదిరినా కుదరకపోయినా ఆ కొట్టుకెళ్ళి ఇంకో సీసా తెండి. అది అత్తయ్య మోకాళ్ళకి. దాని మీద మాత్రం మీరు చెయ్యి వేశారో, ఊరుకోను.