తర్వాతి ప్రశ్న

మావయ్యా,

నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. సబ్బవరంలో మీ కాలనీ నీళ్ల సంగతి ప్రెస్‌మీట్‌లో ఎత్తొద్దని బతిమాలారు. "మా లీడర్ ముందర నా పరువు తియ్యకే" అన్నారు. అయినా అడిగాను. రెండుసార్లు ప్రారంభోత్సవం చేసిన పైపులో చుక్క నీరు ఎందుకు రాలేదన్నాను.

మీ లీడర్ నావైపు చూడకుండానే "తర్వాతి ప్రశ్న" అన్నారు. ఆయన వెనక మీరు కండువా సర్దుకున్నారు.

పక్కనున్న టిమోతి మైకు అందుకున్నాడు. పోటీ పత్రికవాడు, నా వార్తంటేనే పడదు. "నాదీ అదే సార్. నీళ్లేవి?" అన్నాడు. తర్వాత టీవీ వాళ్లూ అదే అడిగారు. ఇంకో ప్రశ్న ఒక్కరూ వేయలేదు. చివరికి ఆయన అందరి ముందే ఇంజనీరుకి ఫోన్ కలిపారు.

ఈ ఉదయం అత్త ఫోన్ చేసి, హలో అయినా అనకుండా కుళాయి దగ్గర పెట్టింది. బిందె నిండేదాకా విన్నాను. "ఇనపడతందేటే?" అంది నవ్వుతూ.

లీడర్‌కి కృతజ్ఞతలు చెబుతూ మీరు ఫ్లెక్సీ కట్టిస్తున్నారట. కట్టించండి, ఫొటో మేమే వేస్తాం. ఫొటోకి వెళ్లే ముందు మాత్రం ఇంట్లోనే తలారా స్నానం చేయండి.

మీ మేనకోడలు