లిస్బన్ నుంచి హెల్సింకి ఎంత దూరం

సెరంగూన్, సింగపూర్

నా బంగారు దీక్షితా,

ఫోన్లో మొదలుపెడితే అరిచేస్తానని రాస్తున్నాను. పొద్దున మీ నాన్నా నేనూ విమానం టికెట్ల ఆఫీసుకి వెళ్ళాం. మే నెలలో వచ్చి, పొద్దున్నే లిస్బన్‌లో నీ దగ్గర టిఫిను చేసి, మధ్యాహ్నం భోజనానికి కాబోయే అల్లుడు మహీధర్ ఉండే హెల్సింకి చేరాలని నా ఆలోచన. అక్కడ పనిచేసే రజిత, మన వరంగల్ పిల్లే, నా మొహం చూసి, "ఆంటీ, లిస్బన్ నుంచి హెల్సింకికి దగ్గర దగ్గర అయిదు గంటలు ఎగరాలె. ఇక్కడి నుంచి హైదరాబాద్ పోయినంత దూరం" అంది. మీ నాన్న నమ్మలేక రెండుసార్లు అడిగారు. మూడు వేల కిలోమీటర్ల పైమాటేనట.

ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉంటే బుర్ర కూడా ఈ ఊరంతే అయిపోతుందేమో. ఊరికి ఆ చివరున్న జురాంగ్ వెస్ట్ వెళ్ళాలంటేనే నీళ్ళ సీసా పట్టుకుని బయలుదేరే మనుషులం. మహీధర్ వాళ్ళమ్మ బాలనాగమ్మగారు, ఆవిడా ఈ ఊళ్ళోనే ఉన్న మనిషే, ఇద్దరూ యూరప్‌లోనే కదా, శని ఆదివారాలు ఒకచోట ఉంటారులెండి అంటే, తలూపి తాంబూలాలు పుచ్చేసుకున్నాం. ఇప్పుడు ఫోన్ చేసి చెబితే ఆవిడకీ ఆ దూరం తెలియదట. ఆ వెంటనే, అయితే అమ్మాయి ఉద్యోగం మానేస్తుందిలెండి అని తేల్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత కష్టపడి తెచ్చుకున్నావే ఆ ఉద్యోగం! తెలియక ఒప్పుకున్నావా తల్లీ? ఉన్నదున్నట్టు రాయి.

మీ అమ్మ,
రాధ

లిస్బన్

అమ్మా,

నాకు తెలుసు. సంబంధం చెప్పిన రోజే చూశాను. ఆ దూరం చూసే సరేనన్నాను.

నాకు పెళ్ళి వద్దమ్మా. ఇప్పుడనే కాదు, ఎప్పటికీ వద్దు. నన్నెవరూ మోసం చేయలేదు, నేనెవరినీ ప్రేమించలేదు. ఒక్కదాన్నే ఉంటే నాకు బాగుంటుంది, అంతే. మహీధర్‌కి ఇదే చెప్పాను. అతనిదీ అదే బాధ. ఇంట్లో పోరు పడలేక, పెళ్ళి చేసుకుని ఎవరి ఊళ్ళో వాళ్ళం ఉందామనుకున్నాం. అంత దూరమంటే, ఎందుకు కలిసి ఉండట్లేదని ఎవరూ నిలదీయరు కదా. నాన్న బీపీ మాత్ర వేసుకుంటూ, నీ పెళ్ళి చూస్తే చాలమ్మా అన్నప్పుడల్లా సరేనని ఫోన్ పెట్టేసేదాన్ని. ఇది చదివి నువ్వేమైపోతావోనని భయంగా ఉంది.

నీ దీక్షి

సెరంగూన్

దీక్షీ,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు మాడి పొగలొస్తే పక్కింటావిడ వచ్చి తలుపు బాదింది. నా బాధ నువ్వు పెళ్ళి వద్దన్నందుకు కాదే. ఆ మాట నాతో అనడంకన్నా మెడలో మూడుముళ్ళు వేయించుకోవడమే నీకు సులువనిపించిందే, అందుకు. నేనంత రాక్షసినా?

మీ నాన్నకి చదివి వినిపించాను. ఆయన లేచి చొక్కా వేసుకుని, తాంబూలాలప్పుడు వాళ్ళు పెట్టిన చీర తిరిగిచ్చేయడానికి సంచిలో పెట్టుకుని బాలనాగమ్మగారింటికి బయలుదేరారు. మా అమ్మాయికి ఇష్టం లేదని మాత్రం చెప్పమన్నాను. ఆ అబ్బాయి సంగతి అతనే చెప్పుకోవాలి. ఆవిడ ఎన్ని మాటలందో ఏమో, ఈయన నాకు చెప్పలేదు.

తిరిగొచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "అది ఇన్నాళ్ళూ నాకు భయపడిందా, రాధా?" అన్నారు. నేనేం చెప్పను? నువ్వే చెప్పు. నువ్వు చేస్తావని ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మీ అమ్మ