మామయ్య కారులో ట్రాక్టర్ ఆయిల్

ఏవండీ,

రేపటి పెళ్లికి మామయ్య పాత కారు తియ్యొద్దు. వెనక చక్రాల మధ్య గేర్లుండే డిఫరెన్షియల్లో మీరు పోసిన ట్రాక్టర్ ఆయిల్ ముందు దింపించండి. దానిది లిమిటెడ్ స్లిప్పట, ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా ప్లేట్లతో పట్టి ఉంచే రకం. డబ్బా మీద ఆ మాటే రాసున్న గేర్ ఆయిల్ పొయ్యాలని, లేకపోతే లోపలి ప్లేట్లు పట్టేస్తాయని మెకానిక్ జక్రయ్య ఫోన్లో చెప్పాడు. “ఇంట్లో డబ్బాడు ఉండగా కొనేదేంటే” అన్నారు మీరు.

పొద్దున స్తుతిని బడిలో దింపబోతే, పెదకాకాని మలుపులో వెనక చక్రాలు కటకటమని పట్టేసి, కారు లారీ మీదకి తిరిగింది. పిల్ల పాట పాడుకుంటూనే ఉంది. లారీవాడు బ్రేకెయ్యబట్టి బతికి, కారు మెల్లగా ఇంటికి తెచ్చి పెట్టాను. రేపు ఆ సీట్లో పెళ్లికూతురు కూర్చోవాలి.

అన్నం, పప్పు మూతపెట్టాను.

లిడియా

కారు తాళం కొంగున ముడేసుకుని మిరపకోతకి పోతున్నా. తిట్టాలనుంటే చేలోకి నడిచే రండి.